టూడీ ఎకో నార్మల్ అన్నారు, నాయనకు ఎద బిగపట్టేది మాత్రం పోలేదు... ఇంగ ఏం చేయాల?

పత్తికొండ_చేను (పత్తికొండ)

అందరికీ నమస్కారం. మా నాయనకు యాభై ఎనిమిది. షుగర్ ఉంది. బీడీలు బాగా తాగేవాడు, కొన్నేండ్ల కింద మానేసినాడు. ఈ మధ్య చేనికి పోయేటప్పుడు మిట్ట ఎక్కేకాడ ఎద బిగపట్టినట్లు అయితాందంట. నిలబడితే రొంతసేపటికి పోతాది. మళ్లా నడిస్తే మళ్లా అదే. ఇంట్లో కూర్చుంటే ఏమీ ఉండదు, సంగటి బాగా తింటాడు, నిద్ర పోతాడు. గ్యాస్ అనుకుని సోడాలు తాగి, గోలీలు మింగి శానా దినాలు నెట్టుకొచ్చినాడు.

కర్నూల్లో ఒకచోట చూపిస్తే ఈసీజీ తీసి, టూడీ ఎకో (శబ్దంతో గుండె బొమ్మ చూసే పరీక్ష) చేసినారు. రిపోర్టులో ఉండేది ఉన్నట్లు రాస్తాండా: గదుల సైజు నార్మల్, ఆర్‌డబ్ల్యూఎంఏ లేదు, ఈఎఫ్ (గుండె ఒక్కో దెబ్బకు బయటికి తోసే రక్తం వంతు) 62 శాతం, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, ట్రివియల్ ఎంఆర్, మైల్డ్ టీఆర్, క్లాట్ లేదు, గుండె చుట్టూ నీరు లేదు. "గుండె బ్రహ్మాండంగా ఉంది, పో పెద్దాయనా" అని మళ్లా గ్యాస్ మాత్రలే ఇచ్చి పంపినారు.

నాయన సంతోషంగా ఉండాడు. నాకే మనసు ఒప్పడం లేదు. గుండెకు ఏమీ లేకపోతే మిట్ట ఎక్కేటప్పుడే ఎందుకు బిగపట్టాల? బ్రహ్మాండం అంటానే కింద గ్రేడ్ 1 అని, మైల్డ్ అని అన్ని ఎందుకు రాసినారు? తెలిసినోళ్లు చెప్పండి.

బురుజు_బాషా (కర్నూలు)

62 అంటే ఫస్ట్ క్లాస్ కదప్పా! మా మామకు 35 అంటేనే స్కూటర్ మీద తిరుగుతాండాడు. బ్లాకులు ఉంటే ఎకోలో పడేవి కదా. ఊరికే గుబులు పెట్టుకోవద్దు. పెద్దాయనకు కారం తగ్గించి చూడు.

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

బాషా అన్నా, శానామంది అట్లనే అనుకుంటారు. నేను ఆ మిషన్ ముందర కూర్చునేవాణ్నే, ఎకో టెక్నీషియన్‌ని. ఎకోలో బ్లాకులు కనపడవు.

గుండె కండరానికి రక్తం ఇచ్చే కరోనరీ నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్ల లావుంటాయి, అంతే. గుండె పైన అతుక్కుని దాంతోపాటే ఎగురుతాంటాయి. రొమ్ము మీద పెట్టే ప్రోబుకు పెద్దోళ్లలో వాటి మొదలు ఒక్కోసారి లీలగా దొరుకుతాది. లోపల కొవ్వు ఎంత పేరుకుంది, ఎంత శాతం మూసుకుంది అనేది దాంతో తేలదు. మేము చూసేది గోడల కదలిక. నాళం మూసుకుని కండరం దెబ్బతినింటే ఆ భాగం సరిగా ముడుచుకోదు. ఆర్‌డబ్ల్యూఎంఏ అని రాసేది దాన్నే. అది లేదంటే, పడుకోబెట్టి చూసిన ఆ పది పదిహేను నిమిషాల్లో కండరానికి చాలినంత రక్తం అందుతాందని అర్థం. మిట్ట ఎక్కేటప్పుడు కూడా అందుతాందని చెప్పే హక్కు నాకు లేదు, ఆ రిపోర్టుకూ లేదు.

గుత్తి_బోరుబావి (గుత్తి)

అంటే మోటరు బాగుంది, పైపులో అడ్డం ఉందో లేదో తెలీదు అన్నట్లా సుబ్బన్నా?

సీమ_వైద్యుడు (అనంతపురం)

గుత్తి వారి పోలికను కొంచెం సరిచేస్తాను. ఇక్కడ చూడాల్సింది నీళ్లు పోయే పైపును కాదు, మోటరుకు కరెంటు తెచ్చే తీగను. తీగ సన్నబడితే మోటరు ఊరికే తిరిగేటప్పుడు ఏమీ తెలియదు. లోడు పడగానే ఓల్టేజీ చాలక మూలుగుతుంది. గుండెకు కూడా విశ్రాంతిలో అవసరం తక్కువ. నాళం 70 శాతం పైగా మూసుకున్నా, పడుకున్న మనిషి గోడలు చక్కగా కదలొచ్చు, ఈసీజీ కూడా మామూలుగా ఉండొచ్చు. అందుకే లోడు పెట్టి చూడాలి.

పత్తికొండ తమ్ముడూ, మీరు రాసిన నాలుగు ముక్కలే ఆ రిపోర్టు కంటే ఎక్కువ చెబుతున్నాయి. నడిస్తే వస్తుంది, నిలబడితే కొద్ది నిమిషాల్లో పోతుంది, ఎదలో బిగింపు. దానికి తోడు షుగర్, పాత బీడీలు, వయసు. ఇది ఆంజైనా (గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి) కాదని తేలేవరకు ఆంజైనాగానే చూడాలి. గ్యాస్ మిట్టకూ పల్లానికీ తేడా చూసుకుని రాదు. కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. నడవగలిగే మనిషి కాబట్టి టీఎంటీ (మిషన్ మీద నడిపిస్తూ తీసే ఈసీజీ) చేయొచ్చు, లేదా స్ట్రెస్ ఎకో (గుండెకు లోడు పెట్టి చేసే ఎకో), లేదా సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (సీటీ స్కాన్‌తో ఆ నాళాలను చూసేది). ఏది అనేది చూసిన డాక్టరు నిర్ణయిస్తారు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే, చెమటలు పడితే, దవడకో ఎడమ చేతికో పాకితే, 108 పిలవాలి. అప్పుడు ముందు కావాల్సింది ఈసీజీ. ఆస్పత్రి మెట్లెక్కిన పది నిమిషాల్లో తీయాలి. ఎకో అపాయింట్‌మెంట్ కోసం బెంచీ మీద కూర్చోబెట్టే పరిస్థితి కాదది.

బురుజు_బాషా (కర్నూలు)

సరే డాక్టరు సారూ, అట్లయితే ఆ ఎకో దుడ్లు దండగేనా? నేరుగా యాంజియోగ్రామ్ చేసేస్తే పోయేది కదా!

సీమ_వైద్యుడు (అనంతపురం)

దండగ కాదు బాషా గారూ. నడిస్తే ఎద పట్టేయడానికి ఇంకా కారణాలున్నాయి. బృహద్ధమని కవాటం బిగుసుకుపోయినా అలాగే వస్తుంది. గుండె గోడ పుట్టుకతోనే మందంగా పెరిగే జబ్బులోనూ వస్తుంది. ఆ రెండింటినీ ఎకో ఇట్టే పట్టేస్తుంది. పెద్దాయనకు అవి లేవని తేలింది. పంపు బలం బాగుందని తేలింది. రేపు నిజంగా బ్లాకు ఉన్నా, ఈఎఫ్ బాగున్న మనిషికి ముందు దారి మెరుగ్గా ఉంటుంది. ఎకో తన ప్రశ్నకు సరిగ్గానే జవాబిచ్చింది. మీరు అడగాలనుకున్న ప్రశ్న వేరు.

ఇక అందరికీ యాంజియోగ్రామ్ అంటే, అది ధమనిలోకి గొట్టం పంపి మందు కొట్టి చేసేది. కిడ్నీలు బాగాలేని వాళ్లకు ఆ మందుతో ఇబ్బంది ఉంటుంది, రక్తనాళానికి దెబ్బ తగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది. ఎకోలో రేడియేషన్ లేదు, సూది లేదు, ఎన్నిసార్లయినా చేయొచ్చు. దాన్ని ముందు చేయడానికి అదే కారణం.

ప్రొద్దుటూరు_పద్మ (ప్రొద్దుటూరు)

ఆ మైల్డ్, ట్రివియల్, గ్రేడ్ 1 సంగతి ఎవురూ చెప్పలేదు. మా అత్తమ్మ రిపోర్టులోనూ అవే ఉండాయి. ఆమె అవి చదివించుకున్నప్పటి నుంచి మెట్లు దిగడమే మానుకుంది.

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

అక్కా, అత్తమ్మను దిగమని చెప్పండి. టీఆర్ అంటే కుడివైపు కవాటం మూసుకునేటప్పుడు రవ్వంత రక్తం వెనక్కి జారడం. ఎంఆర్ అంటే ఎడమవైపు కవాటంలో అదే. ఆరోగ్యంగా ఉండేవాళ్లలో కూడా ఎక్కువమందికి కొంచెం ఉంటాది. డాప్లర్ మిషన్లు అంత సూక్ష్మంగా పట్టేస్తాయి కాబట్టి కనపడుతాది, కనపడింది కాబట్టి రాస్తాం. మాకు ఆ టీఆర్ ఉంటేనే మేలు, దాని వేగం కొలిచి ఊపిరితిత్తుల నాళంలో పీడనం ఎంతో లెక్క కట్టొచ్చు. గ్రేడ్ 1 అంటే గుండె సడలేటప్పుడు రొంత నిదానం. అరవై దాటినోళ్లలో, బీపీ ఉన్నోళ్లలో శానా మామూలు. ఆయాసం లేనోళ్లకు అది ఒక్కటే ఉంటే బీపీ, షుగర్ చూసుకోమంటారు డాక్టర్లు, అంతే.

అనంత_ఫిజిక్స్ (అనంతపురం, రిటైర్డ్ లెక్చరర్)

సుబ్బు లెక్క అన్నాడు కాబట్టి నేను ఊరుకోలేను. క్లాసు వదిలేసి ఎన్నాళ్లో అయింది, భరించండి.

మనిషి చెవికి సెకనుకు 20 వేల కంపనాల దాకా వినిపిస్తుంది. పెద్దల గుండెకు వాడే ప్రోబు 20 లక్షల నుంచి 40 లక్షల దాకా పంపుతుంది. ఆ శబ్దం మన ఒంట్లో సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో పోయి, గోడకు తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన సమయాన్ని బట్టి దూరం. కదిలే రక్తకణాలకు తగిలి వచ్చిన శబ్దంలో కంపనాల తేడాను బట్టి వేగం. ఈ రెండోది డాప్లర్ 1842లో చెప్పిన సూత్రమే. ఆయన చెప్పింది నక్షత్రాల వెలుగు గురించి!

దీన్ని గుండెకు మొదట వాడింది స్వీడన్‌లోని లుండ్‌లో, 1953లో. ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి చేశారు. లోహంలో పగుళ్లు వెతకడానికి ఓడల కర్మాగారంలో వాడే పరికరాన్ని అరువు తెచ్చి మొదలుపెట్టారు. ఎడ్లర్‌కు కావాల్సింది ఆపరేషన్‌కు ముందు మైట్రల్ కవాటం ఎలా ఉందో తెలుసుకోవడం. కరోనరీ నాళాల సంగతి వాళ్ల ప్రశ్నలోనే లేదు.

ఇప్పుడు లెక్క. కవాటం దగ్గర రక్తం వేగాన్ని వర్గం చేసి 4తో గుణిస్తే పీడనంలో తేడా వస్తుంది. వేగం సెకనుకు 4 మీటర్లయితే 64 మిల్లీమీటర్లు (బీపీ కొలిచే పాదరసం లెక్కలో). బృహద్ధమని కవాటం తీవ్రంగా బిగుసుకుందనడానికి వాడే గీత ఆ 4 మీటర్ల దగ్గరే ఉంది. అయితే ప్రోబు రక్తధారకు ఎదురుగా ఉండాలి. 30 డిగ్రీలు పక్కకు పోతే అదే ధార మూడున్నర మీటర్ల లోపే అనిపిస్తుంది. 64 రావాల్సిన చోట 48 వస్తుంది. ఆపరేషన్ గీత అవతలి మనిషి ఇవతలికి వచ్చేస్తాడు. కాబట్టి సుబ్బు లాంటి వాళ్ల చెయ్యి కూడా కొలతలో భాగమే. ఏం సుబ్బూ?

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

నిజమే సార్. అందుకే ఒక్క కిటికీ నుంచి కాకుండా పక్కటెముకల సందు, మెడ కింద గుంట, కుడివైపు, అన్నిచోట్ల వెతకాల. బయట ఇరవై మంది కూర్చుని ఉంటే అంత ఓపిక అందరికీ ఉండదు. నిజం చెప్పుకోవాలి కదా.

ఈఎఫ్ సంగతి కూడా చెప్తా. 62 అని రాస్తే గ్రాము తూకం అనుకుంటారు. మంచి పద్ధతి ఏమంటే రెండు కోణాల్లో ఎడమ జఠరిక గీత గీసి, నిండినప్పుడు ఎంత, ముడుచుకున్నాక ఎంత అని లెక్కేయడం. శానా చోట్ల ఒకే గీత మీద కొలిచేస్తారు, లేదా అనుభవంతో కంటితో చూసి 60 అని రాసేస్తారు. ఒకవైపు గోడ పనిచేయని మనిషికి ఆ ఒక్క గీత బాగుండే చోట పడితే ఈఎఫ్ బ్రహ్మాండంగా వస్తాది. ఇద్దరు మంచి పనోళ్లు ఒకే గుండెను కొలిచినా ఐదు నుంచి పది పాయింట్ల తేడా మామూలు. పోయిన సంవత్సరం 60, ఈసారి 55 అని ఏడ్చుకుంటా వచ్చేవాళ్లకు ఇదే చెప్తా. గుండె లయ తప్పి కొట్టుకునే వాళ్లలో అయితే ఒక్కో దెబ్బకు ఒక్కో ఈఎఫ్, నాలుగైదు దెబ్బల సగటు తీయాల.

ప్రొద్దుటూరు_పద్మ (ప్రొద్దుటూరు)

సుబ్బు తమ్ముడూ, అత్తమ్మ సంగతి సరే. మా అమ్మది వేరే. కొంచెం లావు మనిషి, బీపీ, షుగర్ రెండూ ఉండాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి రెండు దిండ్లు పెట్టుకుంటే గానీ పడుకోలేదు, సాయంత్రానికి కాళ్లు ఉబ్బుతాయి. ఈఎఫ్ 60 చూసి "గుండె కాదు, లావు వల్ల" అన్నారు. లావు తగ్గమంటే నడవాల, నడుద్దామంటే ఆయాసం. ఏం చేయాల?

సీమ_వైద్యుడు (అనంతపురం)

పద్మ గారూ, ఈఎఫ్ గుండె ఎంత గట్టిగా పిండుతోందో చెప్తుంది. నిండటానికి ఎంత కష్టపడుతోందో చెప్పదు. బీపీ, షుగర్, ఊబకాయం ఏళ్ల తరబడి ఉన్న వాళ్లలో కండరం బిరుసెక్కి, లోపలి పీడనం పెరిగి, రక్తం ఊపిరితిత్తుల్లో ఆగుతుంది. ఈఎఫ్ బాగుండి కూడా హార్ట్ ఫెయిల్యూర్ ఉండొచ్చు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది ఈ రకమే. మన ఆడవాళ్లలో ఇది ఎక్కువగా తప్పిపోతుంది.

రిపోర్టులో ఈఎఫ్ కాకుండా ఎడమ కర్ణిక సైజు, ఈ బై ఈ ప్రైమ్ అనే నిష్పత్తి (గుండె నిండేటప్పటి పీడనానికి అంచనా), టీఆర్ వేగం చూడండి. కర్ణిక పెద్దదై, నిష్పత్తి 14 దాటి, వేగం సెకనుకు 2.8 మీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. ఇవి అటూ ఇటూ కాకుండా ఉంటే ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ అనే రక్తపరీక్ష ఉంది. అయితే లావుగా ఉన్నవాళ్లలో అది ఉండాల్సిన దాని కంటే తక్కువ చూపిస్తుంది, అదొక చిక్కు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, కిడ్నీ కూడా చూపించండి. రెండు దిండ్లు, కాళ్ల ఉబ్బు అన్నారు కాబట్టి ఆలస్యం చేయకండి. నీరు తీసే మందులున్నాయి, మొదట షుగర్‌కు వచ్చి ఇప్పుడు ఈ జబ్బుకు కూడా వాడుతున్న డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయి. డాక్టరు చూసి ఇవ్వాలి, ఇక్కడ చదివి కొనుక్కోవద్దు.

నాపరాయి_నాగన్న (బేతంచెర్ల)

మా చిన్నాయన పాలిష్ ఫ్యాక్టరీలో జీవితమంతా పనిచేసినాడు, ఊపిరితిత్తులు పోయినాయి. ఎకోలో "పూర్ విండో" అని రాసి, కింద పీఏఎస్‌పీ 55 అని రాసినారు. విండో బాగలేదంటే మిషన్ బాగలేదనా?

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

మిషన్ కాదు అన్నా. ఈ శబ్దం గాలిని, ఎముకను దాటలేదు. ఊపిరితిత్తులు ఉబ్బి గుండె మీదికి వచ్చేస్తే ముందర గాలి గోడ అడ్డం వస్తాది. బాగా లావున్నోళ్లకు కొవ్వు. ఎడమ పక్కకు తిరిగి పడుకోమని, ఊపిరి వదిలి బిగబట్టమని చెప్పేది ఆ గాలిని రొంత పక్కకు జరపడానికే. దొరక్కపోతే కడుపు పైభాగం నుంచి చూస్తాం. అయినా కనపడకపోతే కనపడలేదని రాయడమే మర్యాద. చూడనిదాన్ని నార్మల్ అని రాసే కంటే పూర్ విండో అని రాసినోడు నిజాయితీపరుడు.

సీమ_వైద్యుడు (అనంతపురం)

నాగన్న గారూ, పీఏఎస్‌పీ అంటే ఊపిరితిత్తుల నాళంలో పీడనం. ఆ 55 అంచనా. ఫిజిక్స్ సారు చెప్పిన లెక్కే, టీఆర్ వేగం నుంచి వచ్చింది. విండో బాగాలేని చోట అది పది పాయింట్లు అటో ఇటో పోవడం వింత కాదు. నిజంగా కొలవాలంటే సిరలోంచి కుడి గుండెలోకి గొట్టం పంపాలి. అది అందరికీ అవసరమయ్యేది కాదు. కుడి జఠరిక పెద్దదయిందా, కాళ్లు ఉబ్బుతున్నాయా, రక్తంలో ఆక్సిజన్ ఎంత, ఊపిరితిత్తుల డాక్టరు ఏమంటారు, ఇవి ముందు చూడండి. రాతి పొడితో వచ్చిన జబ్బులో టీబీ కూడా తోడవుతుంది, కళ్లె పరీక్ష మరవొద్దు.

ఆలూరు_అమ్మి (ఆలూరు)

అందరూ ఎకోకు చేతకానిదే చెప్తాండారు, మా ఇంట్లో అది రెండు ప్రాణాలు కాపాడింది. మా మరదలికి కడుపుతో ఆరో నెలలో ఆయాసం మొదలైంది. కడుపుతో ఉండేవాళ్లకు మామూలే అని మా జేజి కూడా అనింది. పీహెచ్‌సీలో డాక్టరమ్మ స్టెతస్కోప్ పెట్టి, "చిన్నప్పుడు కీళ్లు వాచినాయా?" అని అడిగింది. అవును, బడికి పోయే వయసులో వాచినాయి, పసరు కట్టుతో తగ్గినాయి. వెంటనే ఎకోకు పంపింది. మైట్రల్ కవాటం బిగుసుకుపోయి 1.1 చదరపు సెంటీమీటర్లే తెరుచుకుంటాందని తేలింది. మందులతో ఆయాసం తగ్గకపోతే తిరుపతికి పంపినారు, కడుపుతో ఉండంగానే బెలూన్‌తో తెరిచినారు. పిల్లోడు నెలలు నిండినాకే పుట్టినాడు. ఇప్పుడు ఆమెకు 21 దినాలకు ఒకతూరి పెన్సిలిన్ సూది.

సీమ_వైద్యుడు (అనంతపురం)

ఎకోకు నిజమైన రాజ్యం ఇది. రుమాటిక్ గుండె జబ్బు మన పల్లెల్లో ఇంకా పోలేదు. గొంతునొప్పితో మొదలై, కీళ్లు వాచి తగ్గిపోతాయి, కవాటం మాత్రం ఏళ్ల తర్వాత బిగుసుకుంటుంది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సింది 1.5కు తగ్గితే తీవ్రం కిందే లెక్క. గర్భంతో రక్తం పరిమాణం పెరిగి, గుండె వేగం పెరిగి, అప్పటిదాకా నెట్టుకొచ్చిన అమ్మాయికి ఐదారు నెలల్లో జబ్బు బయటపడుతుంది. కవాటం ఎంత మందంగా ఉంది, సున్నం పట్టిందా, బెలూన్‌కు లొంగుతుందా, లీకు ఉందా, అన్నీ ఎకోయే చెప్పాలి. దీనికి యాంజియోగ్రామ్ పనికిరాదు, సీటీ పనికిరాదు. ఆ పీహెచ్‌సీ డాక్టరమ్మ చెవికి దండం పెట్టాలి. ఆమె విననిదే ఎకో ఎవరు రాస్తారు?

ఇక్కడ కూడా ఒక హద్దు ఉంది. ఎడమ కర్ణికకు పక్కన చిన్న జేబు లాంటి భాగం ఉంటుంది, క్లాట్ దాక్కునేది అక్కడే. రొమ్ము మీద నుంచి అది సరిగా కనపడదు. అందుకే బెలూన్‌కు ముందు అన్నవాహికలోకి గొట్టం పంపి చూస్తారు, టీఈఈ అంటారు. గుండె వెనకాలే ఆ గొట్టం ఉంటుంది కాబట్టి మధ్యలో ఊపిరితిత్తి అడ్డం రాదు. కవాటానికి ఇన్ఫెక్షన్ పట్టిందన్న అనుమానం గట్టిగా ఉన్నప్పుడు కూడా మామూలు ఎకో బాగుందని వదిలేయరు, టీఈఈ చేస్తారు.

కదిరి_మల్లి (కదిరి)

మా పాపకు పుట్టినప్పుడు గుండెలో రంధ్రం అన్నారు. పుట్టపర్తిలో 1991లో కట్టిన పెద్ద ఆస్పత్రిలో చూపించినాం, రూపాయి తీసుకోలేదు. పిల్లలకు రొమ్ము పలచగా ఉంటాది కాబట్టి బొమ్మ బాగా కనపడుతుందంట. చిన్న రంధ్రం, కండరం మధ్యలోది, దానంతటదే మూసుకోవచ్చు, ఆపరేషన్ వద్దు అన్నారు. మధ్య మధ్యలో ఎకో చేయిస్తా ఉన్నాం, బడికి పోయే వయసుకు మూసుకుపోయింది. పాప ఏడుస్తే మాత్రం ఏమీ కనపడదు! నిద్రమందు సిరప్ పోసి, మేం కూడా ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

బురుజు_బాషా (కర్నూలు)

మా అమ్మీకి కంట్లో పువ్వు ఆపరేషన్ అంటే కూడా ఎకో చేయించుకు రమ్మన్నారు ఒకచోట. కంటికీ గుండెకీ ఏం సంబంధం సారూ? ఇంగొకటి, నలభై దాటితే ఏటా ఎకో అని ప్యాకేజీ బోర్డులు పెడతాండారు కదా, అది చేయించాల్నా?

సీమ_వైద్యుడు (అనంతపురం)

ఆయాసం, నొప్పి, కాళ్ల ఉబ్బు, గుండెలో శబ్దం, ఏవీ లేని మనిషికి శుక్లం ఆపరేషన్ కోసం ఎకో అక్కర్లేదు. ఆ ఆపరేషన్ గుండె మీద పెట్టే భారం చాలా తక్కువ.

ఏటా ఎకో కూడా అంతే. ఏ లక్షణమూ లేని వాళ్లకు ఎకో చేస్తే పద్మ గారి అత్తమ్మకు జరిగిందే జరుగుతుంది, పనికిరాని చిన్న లీకు ఒకటి చేతికొస్తుంది, భయం మిగులుతుంది. బ్లాకు ఉన్నవాడికేమో "నార్మల్" కాగితం చేతికొచ్చి ధైర్యంగా సిగరెట్ వెలిగిస్తాడు. రెండోదే నాకు ఎక్కువ బాధ. ఆ డబ్బుతో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి.

గుత్తి_బోరుబావి (గుత్తి)

ల్యాప్‌టాప్ అంత మిషన్లు వచ్చినాయంట కదా. పల్లెకే తెచ్చి ముసలోళ్లకు చూడొచ్చు కదా సుబ్బన్నా?

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

నా ఇష్టానికి సంకలో పెట్టుకుని రావడానికి లేదన్నా. కడుపులో బిడ్డను కూడా చూడగల మిషన్ ఇది. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 చట్టం కింద ఏ మిషన్ ఏ చిరునామాలో ఉందో రిజిస్టర్ చేయాల. ఊరూరా తిప్పితే సీజ్ చేస్తారు. ఆడపిల్లల కోసం పెట్టిన చట్టం, ఇబ్బంది అని తిట్టుకోలేం.

పత్తికొండ_చేను (పత్తికొండ)

అన్నలకు, అక్కలకు, డాక్టరు సారుకు దండాలు. చెప్పడం ఆలస్యమైంది.

ఇది చదివినాక నాయనను బతిమాలి కర్నూలు పెద్దాస్పత్రికి తీసుకుపోయినా. గుండె డాక్టరు ఎకో రిపోర్టు పక్కన పెట్టి, మొదట "యాడ వస్తాది, ఎప్పుడు పోతాది" అని నాయన్నే అడిగినాడు. తర్వాత టీఎంటీ. రెండో స్టేజీలోనే నొప్పి వచ్చింది, ఈసీజీ గీత కిందికి దిగింది, ఆపేసినారు. యాంజియోగ్రామ్‌లో ఎల్‌ఏడీ, అంటే గుండె ముందువైపు పెద్ద నాళం, 90 శాతం మూసుకుపోయింది. వైద్య సేవ కార్డు మీద స్టెంట్ వేసినారు. నాయన ఇప్పుడు మిట్ట ఎక్కుతాండాడు, బుర్ర నిండా చెనక్కాయ రేటు తప్ప ఇంకో ఆలోచన లేదు.

స్టెంట్ తర్వాత మళ్లా ఎకో చేస్తే ఈఎఫ్ 60. మొదటిది 62. తగ్గిందని మా చిన్నమ్మ కంగారు పడింది, సుబ్బన్న రాసింది చదివి వినిపించినా. ఇంగ ఒకటే అడగాల. ఏడాదికొకతూరి ఎకో చేయించుకోమని ఊర్లో మందుల షాపాయన అంటాండాడు. కావాల్నా సార్?

సీమ_వైద్యుడు (అనంతపురం)

చాలా సంతోషం తమ్ముడూ. లక్షణాలు మారకుండా, ఈసీజీ మారకుండా ఉంటే క్యాలెండరు చూసి ఎకో చేయించాల్సిన పని లేదు. మళ్లీ నొప్పి వచ్చినా ఎకో నార్మల్ అని ఆగకండి, డాక్టరు దగ్గరికే పోండి. రక్తం పలచబరిచే మాత్రలు మాత్రం ఎవరు చెప్పినా సొంతంగా ఆపొద్దు, పన్ను పీకించుకోవడానికి కూడా. అలా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం బాగా పెరుగుతుంది.

బురుజు_బాషా (కర్నూలు)

మంచిదాయె పత్తికొండ తమ్మీ! డాక్టరు సారూ, ఇప్పుడు మా మామ 35 గురించి భయం పట్టుకుంది. హార్ట్ ఎటాక్ వచ్చిన రెండో దినం చేసిన ఎకో అది. ఛాతీలో షాక్ మిషన్ పెట్టాలంటాడు ఎవరో.

సీమ_వైద్యుడు (అనంతపురం)

రెండో రోజు ఈఎఫ్ చూసి ఆ నిర్ణయం తీసుకోరు. దెబ్బతిన్న కండరంలో కొంత చచ్చిపోదు, మూర్ఛపోయినట్టు ఉంటుంది, వారాల్లో కోలుకుంటుంది. ఎటాక్ అయిన 40 రోజులైనా దాటాక, స్టెంటో బైపాసో చేస్తే మూడు నెలల మందుల తర్వాత మళ్లీ ఎకో చేస్తారు. అప్పటికీ 35 లోపే ఉంటే ఆ మాట ఆలోచిస్తారు. వాళ్ల కార్డియాలజిస్టుతో మాట్లాడండి. అన్నట్టు, స్కూటర్ మీద తిరిగే సంగతి కూడా ఆయన్నే అడగండి.

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

బాషా అన్నా, మామను మళ్లా ఎకోకు తీసుకొచ్చేటప్పుడు పాత కాగితం ఒక్కటే కాదు, పాత వీడియో కూడా తే. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే నిజంగా పెరిగిందా, కొలత తేడానా అని తెలుస్తాది.

బురుజు_బాషా (కర్నూలు)

కాగితమే ఉంది సుబ్బూ, బొమ్మలు నల్లగా అలికినట్లు ఉండాయి. వీడియో యాడ తేవాల?

ఎకోరూం_సుబ్బు (కర్నూలు)

చేసినచోటే అడుగు. పేరు, తేదీ చెప్తే మిషన్‌లో వెతికి ఇస్తారు. పాతవి తీసేసే లోపల పో, పోయేటప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి జేబులో వేసుకో.